మా ఇంటి పిల్లి ఎదురొస్తే

మా పిల్లి ఒకసారి విమానాన్ని ఆపింది.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో, పొద్దు పొడిచే వేళ, జనమంతా ఎక్కి బెల్టులు బిగించుకుని కూర్చున్న విమానాన్ని ముప్పావుగంట సేపు అంగుళం కదలనివ్వలేదు. అప్పటికి దాని వయసు నాలుగు నెలలు. చిన్న సొరకాయంత ఉండేది. ఈ సంగతి బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆ విమానం కొంచెం దూరం పోయేది. మొదట్లో అది బెంగళూరు విమానం. తర్వాత ఢిల్లీ అయింది. చివరికి దాన్ని దుబాయ్ దాకా తీసుకుపోయాను. ఒక పెద్దాయన పూర్తిగా నమ్మి, పేపరువాళ్ళకు చెప్పలేదా అని అడిగాడు. అంత ప్రచారం మాకు ఇష్టం ఉండదని చెప్పాను.

ఇందులో నిజం ఎంతో నేనే చెప్తాను. కానీ ముందు పిల్లి ఇంటికి రావాలి కదా.

ఎయిర్‌పోర్టు తెరిచి మూడేళ్ళవుతోంది అప్పటికి. మా ఇంటి వెనక ఉన్న చేన్లన్నీ ప్లాట్లయ్యాయి. హద్దురాళ్ళు పాతారు, రంగులు వేశారు, గేటు పెట్టారు. ఆ చేన్లలో బతికిన ఎలుకలకు మాత్రం ఎవరూ ప్లాటు ఇవ్వలేదు. అవన్నీ మా వంటింటికి వచ్చాయి. మా ఆవిడ బియ్యం డబ్బా మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది. పప్పు డబ్బా మీద ఇంకో రాయి పెట్టింది. అన్నం వండాలంటే ముందు రాళ్ళు మోయాలి.

"ఎలుకలతోని పరేషాన్ అయితున్న. ఎవలింట్లనన్న పిల్లిపిల్ల ఉంటె తేరాదు" అంది ఒక రోజు.

మా అబ్బాయి అన్నం తింటూ అందుకున్నాడు. వాడు ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. నేను బస్సు డ్రైవర్ని, వాడు కారు డ్రైవరు, అంతే తేడా. వాళ్ళ పార్కింగ్‌లో ఒక కారు ఇంజన్‌లో పిల్లిపిల్ల దొరికిందట, వెచ్చగా ఉందని ఎక్కి ఇరుక్కుపోయిందట. డ్రైవర్లంతా కలిసి దాన్ని తీసి, హిమాయత్ సాగర్ దగ్గర కుక్కల్నీ పిల్లుల్నీ సాకే ఒక చోట ఇచ్చి వచ్చారట.

"అది గా వాడనే ఉన్నది. తెచ్చుకుంటె తెచ్చుకోండ్రి. నాకు మాత్రం ఎదురు రావొద్దు" అన్నాడు.

ఎదురు రావొద్దు అన్న ఆ మాట నా చెవిలో పడింది. పడీపడనట్టు పప్పు కలుపుకున్నాను. ఎందుకో తర్వాత చెప్తాను.

మర్నాడే మోపెడ్ వేసుకుని వెళ్ళాను. మా ఆవిడ చెప్పిందని రేషన్ కార్డు కూడా జేబులో పెట్టుకున్నాను. ఎవర్ని ఇంటికి తెచ్చుకున్నా కార్డులో ఎక్కించాలని ఆమె లెక్క. అక్కడ రేకుల షెడ్లు, వాటి ముందు మొరిగే కుక్కలు, ఒక బల్ల, బల్ల వెనక ఒక మేడం. కోస్తా వైపు మనిషి, మాట వినగానే తెలిసింది. నన్ను బాబాయిగారూ అని పిలిచింది. రేషన్ కార్డు చూసి నవ్వకుండా, అడ్రస్‌కి ఇది సరిపోతుందండీ అని తీసుకుంది. అక్కడే నాకు ఆమె మీద గౌరవం కలిగింది.

"ఎందుకు పెంచుకోవాలనుకుంటున్నారండీ?"

"ఎలుకలు బాగయినయ్ మేడం."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఎలకల కోసమైతే మేం ఇవ్వమండీ. బోను కొనుక్కోండి."

"ఎలుకలు ఉత్తమాట మేడం. మా ఆమెకు తోడు కావాలె."

"ఆవిడ వచ్చుంటే బాగుండేది. పోనీ, చిన్నపిల్లకి తిండీ అదీ ఎలా చూస్తారు?"

"పాలకు కొదవ లేదు. రెండు బర్లున్నయ్."

మాకు బర్రెలు లేవు. పొద్దున వచ్చే పాల ప్యాకెట్ మీద ఒక బర్రె బొమ్మ ఉంటుంది. రెండు ప్యాకెట్లు తీసుకుంటాం.

"పిల్లిపిల్లలకి బర్రెపాలు పడవండీ, విరేచనాలవుతాయి. ఆ పాలు మీరు తాగండి" అని, ఏం పెట్టాలో ఒక కాగితం మీద రాసిచ్చింది.

పిల్లిని తెచ్చి బల్ల మీద వదిలింది. బూడిదరంగు. నాలుగు కాళ్ళకూ తెల్లని మేజోళ్ళు తొడిగినట్టు. ఇంజన్ వేడికి వీపు మీద రూపాయి బిళ్ళంత వెంట్రుకలు పోయి, కొత్తవి మొలుస్తున్నాయి. అది నన్ను చూడలేదు, నా కళ్ళజోడు తాడును చూసింది. బల్ల మీద నుంచి ఒక్క దూకు దూకి నా చొక్కా పట్టుకుని పైకి పాకి, ఆ తాడు నోట కరిచి వేలాడింది. కళ్ళజోడు, పిల్లి, నేను ముగ్గురం కలిసి ముందుకు వంగిపోయాం.

మేడం మాత్రం నవ్వలేదు. "ముందే చెప్పేస్తున్నాను బాబాయిగారూ. ఇది రెండుసార్లు వెళ్ళి రెండుసార్లు తిరిగొచ్చింది. మొదటివాళ్ళు కాళ్ళు కొరుకుతోందన్నారు. కొరకదండీ, ఆడుకుంటుంది. రెండో ఆయన దుకాణానికి బయల్దేరుతుంటే రోజూ ఎదురొస్తోందని తెచ్చిచ్చేశారు. మళ్ళీ తిరిగొచ్చిందంటే ఇంక ఎవరికీ ఇవ్వను, ఆ బోనులోనే ఉండిపోతుంది. నెలలోపు ఒక ఆదివారం మీ ఇంటికొస్తాను. ఇంట్లో ఒక్కరు వద్దన్నా తీసుకెళ్ళిపోతాను. ఏమనుకోకండి."

"ముప్పై ఏండ్లు బస్సు నడిపిన మేడం. నా మాటంటె మాటే" అన్నాను.

సరిగ్గా చెప్పాలంటే ఇరవై ఆరేళ్ళు.

కూరగాయల సంచిలో పెట్టి జిప్పు సగం లాగి బయల్దేరాను. ఔటర్ రింగ్ రోడ్డు కింది దారి దాటేసరికి సంచి ఖాళీగా ఉంది, నా చొక్కా లోపల ఏదో తిరుగుతోంది. ఆ మోపెడ్‌ను అంత మెల్లగా నేను ఎన్నడూ నడపలేదు. పక్కన సైకిళ్ళు దాటిపోయాయి. ఇల్లు చేరేసరికి అది నా పొట్ట మీద నిద్రపోతోంది. లేపలేక మరో పావుగంట మోపెడ్ మీదే కూర్చున్నాను. మా ఆవిడ వాకిట్లోకి వచ్చి, "కడుపునొస్తున్నదా ఏంది?" అని అడిగింది.

ఎలుకల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. మూడో రోజు వంటింట్లో అదీ ఒక ఎలుకా ఎదురుపడ్డాయి. ఎలుక దానికంటే పెద్దది. మా పిల్లి వచ్చి మా ఆవిడ కొంగు వెనక దాక్కుంది. మేడం మాట ప్రకారం బోను కొనుక్కొచ్చాను. మా ఆవిడ అప్పటికే ఉడికించిన కోడిముక్కల్లో ఎముకలు ఏరి దానికి పెడుతోంది. పేరు పెట్టలేదు. పిల్లా అంటే వచ్చేది.

నాకో అలవాటుంది, అప్పటిదాకా నాకే తెలియదు. కుర్చీలో కూర్చుని కునుకు తీస్తుంటే నా ఎడమ చెయ్యి గేరు మారుస్తుందట. బస్సు వదిలి నాలుగేళ్ళయినా చెయ్యి వదల్లేదు. మా ఆవిడ ఎన్నేళ్ళుగానో చూస్తోందట, ఎన్నడూ అనలేదు. పిల్లి మాత్రం చూడగానే దాన్ని ఆట చేసుకుంది. చెయ్యి ముందుకు పోతే ముందుకు దూకేది, వెనక్కు వస్తే వెనక్కు. ఫస్టు, సెకండు, థర్డు. చివరికి అలసిపోయి ముంజేతిని నాలుగు కాళ్ళతో వాటేసుకుని, బొటనవేలు నాకుతూ పడుకునేది. రిటైరయిన చేతికి మళ్ళీ పని దొరికినట్టయింది నాకు. ఇది గొప్పకు చెప్పడం లేదు.

సాయంత్రం మా అబ్బాయి వస్తే మాత్రం నన్ను పట్టించుకునేది కాదు. వాడి ఒంటికి డీజిల్ వాసన, ఇంజన్ వేడి. దానికి అమ్మ ఒడి అలాగే ఉండేదేమో మరి. వాడి ఖాకీ చొక్కా విప్పి వేస్తే దాని మీదే పడుకునేది. వాడూ దాని చెవి వెనక గోకేవాడు. వాడికి దాని మీద కోపం లేదు. చిక్కు అంతా పొద్దున వచ్చేది.

పొద్దున వాడు బూట్లు వేసుకుని గడప దాటగానే, అది ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి, వాడికీ కారుకూ మధ్య ఒకసారి అడ్డంగా పోయి, తిరిగొచ్చి కాళ్ళకు రాసుకునేది. పోవద్దని చెప్పడమో, పోయిరమ్మని చెప్పడమో. మా వాడికి మాత్రం అది పిల్లి ఎదురు రావడం. ఆగిపోయేవాడు. వెనక్కు వచ్చి మెట్టు మీద కూర్చునేవాడు. మంచినీళ్ళు తాగేవాడు. తనకంటే ముందు ఇంకెవరైనా ఆ దారిన పోయేదాకా లేచేవాడు కాదు. అంత పొద్దున మా గల్లీలో ఎవడు పోతాడు? పాలవాడు వచ్చేదాకా అక్కడే.

ఒక చలికాలపు పొద్దున ఆ పిల్లి మూడుసార్లు ఎదురొచ్చింది. వీడు మూడుసార్లు కూర్చున్నాడు. హోటల్లో ఎదురుచూస్తున్న ప్యాసింజరు ఫోను మీద ఫోను చేశాడు. వీడు పోయి ఎక్కించుకుని ఎయిర్‌పోర్టుకు చేరేసరికి విమానం టైము దాటిపోయింది. అయితే ఆ రోజు మంచు దట్టంగా పడి ఏ విమానమూ లేవలేదు. ఆ ప్యాసింజరు చక్కగా ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇదీ మా పిల్లి విమానాన్ని ఆపిన కథ. ఆపింది మంచు. అందులో ఎవరూ ఎక్కనూ లేదు, బెల్టులు బిగించుకోనూ లేదు. అది పోయింది తిరుపతికి.

విమానం ఎక్కేముందు ఆ ప్యాసింజరు ట్రావెల్స్ ఆఫీసుకు ఫోన్ చేసి తిట్టాడు. ఇంకోసారి ఇలా జరిగితే పొద్దుటి ట్రిప్పులు ఇచ్చేది లేదని ఆఫీసువాళ్ళు మావాడికి చెప్పారు. ఇంటికి వచ్చి బూట్లు విప్పుతూ అన్నాడు.

"ఆదివారం గా మేడమొస్తది గద. ఇచ్చెయ్యి బాపు."

"అది ఏం జేసిందిరా?"

"ఏం జెయ్యలే. దాని మీద నాకేం కోపం లేదు. నేనైతే దాన్ని దాటిపోను, అదైతే రాకుంట ఉండదు. ఇగ ఎట్ల?"

మర్నాడు వాడు పోయేవేళ పిల్లిని గదిలో పెట్టి తలుపు వేశాం. లోపలి నుంచి ఏడ్చింది. బయల్దేరేటప్పుడు ఏడుపు వినపడితే ఇంకా చెడ్డదని మళ్ళీ కూర్చున్నాడు. నేను తెలివిగా ఇంకో దారి పట్టాను.

"అరే, ఎదురొచ్చుడు అంటె బయటి పిల్లిరా. ఇంటి పిల్లికి లెక్క లేదు."

వాడు నీళ్ళ సీసా పక్కన పెట్టి నావైపు చూశాడు. "గగన్‌పహాడ్ కాడ చాయ్ బండాయనది ఇంటిపిల్లే గద. మరి దానికెందుకు ఆపెటోనివి బాపు?"

జవాబు ఉంది, చెప్పేది కాదు.

ఆ జవాబు ఇది. కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీ ఉండేది. శంషాబాద్ నుంచి పనివాళ్ళను అక్కడికి చేర్చే బస్సు నాది. మధ్యలో ఎక్కడా ఆపకూడదని రూలు. ముందు సీట్లో సూపర్‌వైజరు కూర్చునేవాడు, గడియారం చూసుకుంటూ. గగన్‌పహాడ్ దగ్గర రోడ్డు పక్కన ఒక చాయ్ బండి. ఆ వాసన నా ప్రాణం తీసేది. ఒక రోజు నిజంగానే చాయ్ బండాయన పిల్లి బస్సుకు అడ్డంగా పోయింది. సూపర్‌వైజరు శకునాలకు వణికే మనిషి. ఆపు ఆపు అని తనే దిగి నీళ్ళు తాగి కూర్చున్నాడు. నలభై మందిమీ చాయ్ తాగాం. అప్పుడు నాకూ చాయ్ బండాయనకూ ఒక ఒప్పందం కుదిరింది. మా బస్సు దూరంగా కనపడగానే అతను రోడ్డుకు అవతల ఒక ఉప్పు బిస్కెట్ వేసేవాడు. నేను మెల్లగా వచ్చేవాణ్ణి. పిల్లి బిస్కెట్ కోసం రోడ్డు దాటేది. నేను బస్సు ఆపి, స్టీరింగు మీద చేతులు జోడించి, మొహం చాలా దిగులుగా పెట్టేవాణ్ణి. బస్సులో సూపర్‌వైజరు తప్ప అందరికీ తెలుసు.

కాదు, ఇంకొకడికి తెలియదు. బడి లేని రోజుల్లో ఇంజన్ డబ్బా మీద గోనెసంచి పరుచుకుని నా పక్కన కూర్చునే నా కొడుకు. వాడు నా మొహం చూశాడు. పిల్లి ఎదురొస్తే దిగాలి, నీళ్ళు తాగాలి, వేరే బండి పోయాక కదలాలి అని నేర్చుకున్నాడు. ఇరవై ఆరేళ్ళలో మా బాపు ఒక్క యాక్సిడెంటు చెయ్యలేదు, పిల్లి ఎదురొస్తే బస్సే ఆపెటోడు అని తోటి డ్రైవర్లకు చెప్పుకునేవాడు. నేను పక్కనే ఉండి విన్నాను. మీసం కూడా సవరించుకున్నాను.

ఇప్పుడు నిజం చెప్తే ఆ బాపు పోతాడు. చెప్పకపోతే పిల్లి పోతుంది, మూడోసారి, బోనులోకి. గురువారం నుంచి ఆదివారం దాకా మూడు రోజులు ఆలోచించాను. అన్నం మధ్యలో నోరు తెరిచేవాణ్ణి, ఇంకో ముద్ద పెట్టుకునేవాణ్ణి. అది మాత్రం ఏమీ తెలియక నా చేతితో సెకండు గేరూ థర్డు గేరూ ఆడుకుంటూనే ఉంది.

ఆదివారం పొద్దున మేడం వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ బుట్ట, దానికి జాలీ తలుపు. ఇల్లంతా చూసింది, నీళ్ళ గిన్నె చూసింది, పిల్లి బరువు పెరిగిందని సంతోషపడింది. బర్రెల సంగతి అడక్కపోవడం ఆమె మంచితనం. తర్వాత మా అబ్బాయి వైపు తిరిగింది.

"మీకేం అభ్యంతరం లేదు కదండీ?"

వాడు పిల్లిని ఎత్తుకుని బుట్ట దగ్గరికి తెచ్చాడు. అది వాడి చొక్కాకు నాలుగు కాళ్ళ గోళ్ళూ వేసి, గడ్డం కింద తల పెట్టి, గుర్రుమంటోంది. వాడు ఒక్కో కాలూ విడిపిస్తుంటే ఇంకో కాలు వేస్తోంది. ఆటనుకుంటోంది.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. మా ఆవిడ లోపల చాయ్ పెడుతోంది. నా గొంతు వణకలేదు.

"ఆగురా. దాని తప్పు లేదు. గగన్‌పహాడ్ కాడ ఏ శకునమూ లేదు. చాయ్ కోసం ఆపెటోణ్ణి. బిస్కెట్ ఏస్తె పిల్లి దాటేది. నేను నిన్నే గాదు, బస్సంత మోసం జేసిన."

వాడు విడిపిస్తున్న కాలు వదిలేశాడు. మేడం బుట్ట తలుపు వైపు చూసింది.

"అయితె ఇన్నేండ్ల సంది నేను మెట్ల మీద కూసున్నదంత?"

"చాయ్ కోసం కొడుకా."

"బిస్కెట్ ఏసెటోడా?"

"ఉప్పు బిస్కెట్."

వాడు పిల్లిని ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "గా బిస్కెట్లు నాకు గూడ ఇచ్చెటోడు" అన్నాడు మెల్లగా. తర్వాత మేడంతో, "ఉండనియ్యండి మేడం. దీనికి మా బాపు సంగతి ఎరుక లేదు" అన్నాడు. ఆమె కాగితం మీద సంతకాలు తీసుకుని ఖాళీ బుట్టతో వెళ్ళింది.

మర్నాడు పొద్దున అది ఎప్పటిలాగే ఎదురొచ్చింది. వాడి కాళ్ళు అలవాటుకొద్దీ ఆగాయి. చెయ్యి నీళ్ళ సీసా దాకా పోయింది. వెనక్కు తీసుకుని, పిల్లిని ఎత్తి వాళ్ళ అమ్మకు ఇచ్చి, కారెక్కి పోయాడు. నావైపు చూడలేదు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు న్యాయంగానే అనిపించింది. ఐదో రోజు సాయంత్రం ఆలస్యంగా వచ్చాడు. ఎందుకైందిరా అంటే, బూట్లు విప్పుతూ, మొహం చాలా దిగులుగా పెట్టి, "గగన్‌పహాడ్ కాడ పిల్లి ఎదురొచ్చింది బాపు" అన్నాడు. వాడి నోటి దగ్గర చాయ్ వాసన.

ఇంతవరకు రాసి నిన్న మా ఆవిడకు చదివి వినిపించాను. ఎప్పుడూ సగంలో లేచిపోయే మనిషి, చివరిదాకా కూర్చుని విన్నది. ఒళ్ళో పిల్లి, ఇప్పుడది మూడు సొరకాయలంత. కన్నతండ్రి లేచి నిలబడి కొడుకు ముందు నిజం ఒప్పుకున్న చోట కళ్ళు తుడుచుకుంటుందేమో అని మధ్యలో ఆగి చూశాను కూడా. కాగితాలు మడిచాక అడిగాను, ఎట్లుంది అని.

"నువ్వెప్పుడు చెప్పినవ్?" అంది. "మేడం గేటు కాడికి రాంగనె పిల్లిని సంకల పెట్టుకొని బాత్రూంల జొచ్చి గొళ్ళెం పెట్టుకుంటివి. పిలగానికి చెప్పింది నేను. నువ్వు లోపల్నుంచి అవునవును అన్నవ్, గంతే."